పాటల చదివింపులు

పోయిన వారం నా ఫోను నన్నొక మాట అడిగింది. ఫోను మనల్ని అడగడమేమిటని మన తరం వాళ్ళం లోలోపల ఇంకా అనుకుంటూనే ఉంటాం గానీ, ఈ కాలపు ఫోన్లు అడుగుతాయి, ఒక్కోసారి అడక్కుండానే చేసేస్తాయి కూడా. ఏదో కొత్త హంగు వచ్చి చేరిందట, దాంతో అది నా పాటలన్నిటినీ తిరగేసి, నాలుగు వేల పైచిలుకు పాటల్లో ఆరింటికి మాత్రం వివరాలు తప్పుగా ఉన్నాయనీ, పాడినవారి పేరూ సినిమా పేరూ బొమ్మా తానే సరిచేస్తాననీ, చేయమంటారా అనీ అడిగింది. కింద ‘సరే’, ‘వద్దు’ అని రెండు మీటలు. నేను ‘వద్దు’ మీద ఎంత గట్టిగా పొడిచానంటే, ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా ఆయన తలెత్తి చూశారు. చూసి, మళ్ళీ చిక్కుడుకాయల మీదికి తల వంచుకున్నారు. ఆ ఆరు పాటలేవో ఆయనకు తెలుసు.

మీకు తెలియదు కాబట్టి చెబుతాను, కానీ వాటి సంగతి చెప్పాలంటే రాయచోటిలో మా నాయన నడిపిన స్టీలు సామాన్ల అంగడి దగ్గర మొదలుపెట్టాలి. ముందు అంగడి, వెనక ఇల్లు. మీ ఇళ్ళల్లో కూడా బిందె మెడ దగ్గరో, పళ్ళెం అంచునో, చెంబు అడుగునో చుక్కలు చుక్కలుగా కొట్టిన పేర్లు ఉండే ఉంటాయి. మొదట్లో నాయన వాటిని చిన్న ఉలితో, సుత్తితో కొట్టేవారు, తర్వాత కరెంటు మిషను వచ్చింది, అది స్టీలు మీద జుయ్యిమని తిరుగుతుంటే వెనక వంటింట్లో ఉన్న మాకు పళ్ళు జివ్వుమనేవి. పెళ్ళిళ్ళ కాలంలో ఆ చప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆగేది కాదు. సొంతానికి కొనుక్కుంటే సొంత పేరు, ఎవరికైనా ఇవ్వడానికి కొంటే ఇచ్చేవారి పేరు, ఊరు, ఏ సందర్భానికి ఇచ్చారో ఆ మాట, ఆ ఏడు. పెళ్ళిపందిట్లో ఎవరేమిచ్చారో ఒకరు గట్టిగా చదివేవారు కాబట్టే వాటికి చదివింపులని పేరు వచ్చిందని నాయన చెప్పేవారు. చదివేది గాలిలో కలిసిపోతుందనీ, తాను కొట్టింది మాత్రం ఆ ఇంట్లో ఉండిపోతుందనీ ఆయనకు కొంచెం గర్వం కూడా ఉండేది.

మా వంటింట్లో గిన్నెలకు గిన్నెల పేర్లు ఉండేవి కావు, మనుషుల పేర్లే ఉండేవి. అమ్మ “వేంపల్లె అత్తను ఇట్లియ్యి మ్మే” అంటే వేంపల్లె అత్త ఇచ్చిన తపేలా అందించమని. పెద్దమ్మలో పెరుగు తోడుపెట్టడం, చిన్నాయనలో చారు కాచడం మాకు మామూలు మాటలు. కొత్తగా ఇంటికొచ్చిన చుట్టాలు ఈ మాటలు విని నవ్వేవారు, నవ్వి, వెళ్ళేటప్పుడు తమ పేరున ఏదో ఒక గిన్నె కొనిచ్చి వెళ్ళేవారు.

నేను ఆ రోజుల్లో కర్నూలులో ఒక ప్రైవేటు కంప్యూటరు సెంటరులో పాఠాలు చెప్పేదాన్ని. రెండు వేల మూడో నాలుగో, సెంటరు వాళ్ళు పాత కంప్యూటర్లు తీసేస్తుంటే నాయన కోసం ఒకటి తెచ్చాను. మానిటరును దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, కడపలో బస్సు మారి, రాయచోటిలో దిగేసరికి నా మోకాళ్ళు నావి కావు. రేడియో పాడైపోయిందని నాయన దిగాలుగా ఉన్నారని తెచ్చానే గానీ, అరవై దాటిన మనిషి దాన్ని ముట్టుకుంటారని నమ్మకం లేదు. ముట్టుకోవడం కాదు, అతుక్కుపోయారు. పేర్లు కొట్టే మిషను పక్కనే బల్ల వేయించి, మానిటరు మీద దుమ్ము పడకుండా తుండుగుడ్డ కప్పి, బేరాలు లేని మధ్యాహ్నాలు దాని ముందే కూర్చునేవారు. ఒక్క సీడీలో నూరు నూటయాభై పాటలు పడతాయన్న సంగతి ఆయనకు ఎన్నాళ్ళు చెప్పినా వింతగానే ఉండేది.

ప్రతి పాట వెనకా కొన్ని గడులు ఉంటాయనీ, అందులో పేరూ ఊరూ రాసుకోవచ్చుననీ, ఒక చిన్న బొమ్మ కూడా అంటించుకోవచ్చుననీ నేర్పించింది నేనే. గడుల పేర్లు ఇంగ్లీషులో ఉండేవి, నాయనకు అక్షరాలు తెలుసు గానీ ఇంగ్లీషు రాదు. ఇదిగో, ఈ మొదటి గడిలో పేరు రాయాలి నాయనా అని చూపించాను, సెలవు అయిపోయింది, బస్సెక్కాను. ఎవరి పేరో చెప్పలేదు. పాటకు పేరంటే పాడినవారిదే అవుతుందని నేననుకున్నాను. పేరంటే ఇచ్చినవారిదేనని ఆయన అనుకున్నారు.

ఆ తర్వాత నాయనకు పాటలు వచ్చిన తీరు చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. వేంపల్లె అత్త కొడుకు చేత ఒక సీడీ పంపింది, కడప బస్సు కండక్టరు టీ తాగే వేళ ఒకటి ఇచ్చాడు, ఎదురంగడి భాయి తన దగ్గరున్న పాత హిందీ పాటలన్నీ తెచ్చి ఎక్కించుకొమ్మన్నాడు. ఎవరింటి నుంచైనా డబ్బాలో ఏదైనా వస్తే ఆ డబ్బా ఖాళీగా తిప్పి పంపకూడదు కదా, నాయన సీడీలకూ అదే పద్ధతి పాటించారు. వచ్చిన పాటలు దించుకుని, తన దగ్గరున్న మంచివి ఏరి, తిరిగి నింపి పంపేవారు. దించుకున్న ప్రతి పాట వెనకా ఒంటివేలితో, తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో, ఇచ్చినవారి వరస కొట్టేవారు. ఆల్బం గడిలో వారి ఊరు, సంవత్సరం గడిలో ఇచ్చిన ఏడు, పాట రకం రాయాల్సిన గడిలో సందర్భం. ‘పుట్టెంట్రుకలకు వచ్చినప్పుడు’, ‘తిరునాళ్ళకు’, చాలావాటికి ‘ఊరికే’. బొమ్మ ఉండాల్సిన చోట ఇచ్చినవారి ముఖం. ఇంట్లో ఉన్న పెళ్ళి ఫోటోలన్నీ మూటగట్టి పక్క ఫోటో స్టూడియోకు తీసుకుపోయి, గుంపు ఫోటోల్లోంచి ఒక్కొక్క తలనూ విడదీయించుకొచ్చారు. ఇవేవీ నాకు అప్పుడు తెలియవు. నేను వెళ్ళినప్పుడల్లా పాట వినిపించేవారే గానీ, తన పట్టిక నాకు చూపించలేదు, టీచరుకు హోంవర్కు చూపించడానికి సిగ్గుపడినట్టు.

మేమిద్దరం ఆడపిల్లలం. నాయనకు అక్క పెద్దపాప, నేను చిన్నపాప, మా అసలు పేర్లు బడి రికార్డుల్లో తప్ప ఆయన నోట ఎప్పుడూ వినలేదు. అక్కను బనగానపల్లెలో ఇచ్చారు. ఏటా మామిడి కాలంలో అక్క ఇంటి నుంచి ఒక గంప బస్సు మీద వచ్చేది, ఆ ఏడు గంపలో గడ్డి కింద, పండ్ల మధ్యన ఒక సీడీ ఉంది. వాళ్ళ వీధిలోని నెట్ సెంటరు అతని చేత ఎక్కించిందట, పదకొండు పాటలు. వంద పట్టే దాంట్లో పదకొండేమిటని నేను ఫోనులో వెక్కిరిస్తే, ఏరి పంపితే అంతేనమ్మే, నీ మాదిరి గోతంలో పోసి పంపుతానా అంది. చిన్నప్పుడు అంగడి రేడియోలో నాయన పక్కన కూర్చుని తాను విన్నవే అన్నీ. ఆ సీడీ చెరిపి మళ్ళీ నింపుకునే రకం. నాయన పదకొండూ దించుకుని, దాన్ని చెరిపి, తన పాటలు నింపి, ఖాళీ గంపలో అమ్మ చేసిన కారప్పూసతో పాటు బనగానపల్లెకు తిప్పి పంపారు.

ఆ కార్తీకంలో అక్క పోయింది. విషజ్వరమన్నారు, ఆస్పత్రిలో చేర్చిన అయిదో రోజుకే అంతా అయిపోయింది. నలభై ఒక్కేళ్ళు. దాని గురించి రాయడానికి ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు చేతకాదు, రాయను. నాయన మాత్రం అంగడి తెరిచారు, పేర్లు కొట్టారు, బేరాలు చూశారు, కానీ కంప్యూటరు మీద తుండుగుడ్డ తీయలేదు. మరుసటి వేసవిలో మామిడిపండ్లు బజారులో కొనుక్కోవాల్సి వచ్చినప్పుడు అమ్మ ఆ సంచీని కింద పెట్టి గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

ఆ వేసవి సెలవుల్లోనే నేను ఆ పని చేశాను. నాయన మళ్ళీ పాటలు వినాలని, విననిదే ఆ మనిషి మాకు దక్కరని నాకు భయం పట్టుకుంది. నాకు తెలిసిందొక్కటే, సర్దడం. చిన్నప్పటి నుంచీ నాది సర్దుడు పిచ్చి, అంగడిలో గ్లాసుల సైజులు కలిసిపోతే నాకు అన్నం సహించేది కాదు. సెలవులకు ముందు కర్నూలులో నెట్ సెంటరుకు రెండు నెలలు వెళ్ళి, దొరికినన్ని పాత పాటలకు ఏ పాట ఎవరు పాడారో, ఏ సినిమాలోదో, ఏ ఏటిదో నోటుపుస్తకంలో రాసుకుని, సినిమా బొమ్మలన్నీ సీడీల్లోకి ఎక్కించుకుని రాయచోటి వెళ్ళాను. నాయన మధ్యాహ్నం కునుకు తీసే వేళ, ఆయనకు తెలియకుండా పని మొదలుపెట్టాను. పట్టిక తెరవగానే పాడినవారి గడిలో అత్త, అవ్వ, బస్సు కండక్టరు, చిన్నపాప అని కనిపించాయి. నేనెప్పుడు పాడానురా దేవుడా అని నవ్వొచ్చింది. మా నాయన ఎంత అమాయకుడో అనుకున్నాను, పాఠం సరిగ్గా చెప్పని తప్పు నాదేననీ అనుకున్నాను. మురికి గోడకు సున్నం వేసేముందు గోకినట్టు, తప్పుల మీద దిద్దడం కంటే అంతా తుడిచి కొత్తగా రాయడమే శుభ్రమైన పద్ధతని నేను పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. అన్నిటినీ ఒక్కసారి పట్టి తుడిచేశాను, పేర్లూ, ఊర్లూ, ముఖాలూ. పట్టిక ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉంది. నా పేరు దాకా చూసి నవ్వుకున్నాను. అక్క పేరు దాకా దిగలేదు.

రాత్రుళ్ళు కూడా కూర్చుంటే పదిరోజులు పట్టింది. అంతా అయ్యాక, చోటు చాలదని పాత ఫోల్డరు కూడా తీసేశాను. దాని పేరు ‘చదివింపులు’ అని ఉంది. అప్పుడైనా నా బుర్రకు ఎక్కలేదు.

చివరి రోజు మధ్యాహ్నం నాయనను చేయి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టి, తుండుగుడ్డ తీసి, పాట పెట్టాను. పాటకొక బొమ్మ, గాయకుల పేర్లు, సినిమా పేరు, ఏడు, ఒక్క అక్షరం తప్పు లేదు. నాయన చూశారు. “శానా బాగుండాది మ్మే” అన్నారు. తర్వాత మౌసును తానే పట్టుకుని పట్టికను కిందికి దించారు, పైకి తెచ్చారు, మళ్ళీ దించారు. అద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. అప్పుడు నన్నడిగారు:

“పెద్దపాప యాడుండాది మ్మే?”

దుఃఖంలో మతి తప్పిందేమోనని ఆయన భుజం పట్టుకున్నాను. నా ముఖం చూసి ఆయనే అన్నారు, “గంపలో పంపించింది కదమ్మే, పదకొండు. ఈడ ప దగ్గర పెట్టుకున్నా. కనపడల్యా.”

మా వంటింటి భాష అది. వేంపల్లె అత్తను ఇట్లియ్యి అన్నట్టే, పెద్దపాప యాడ అని. ఆ గడి పాడినవారి పేరు కోసం నాయనా, ఇచ్చినవారి కోసం కాదు అని నేను చెప్పాను. ఆయనకు కోపం రాలేదు, వచ్చి ఉంటే బాగుండేది. నిజంగానే అర్థం కాక అడిగారు, “గిన్నె చేసినోని పేరు గిన్నె మీద కొడతామా? ఇచ్చినోళ్ళ పేరే కదమ్మే కొట్టేది?”

తుడిచిన పేర్లను తిరిగి తెచ్చే విద్య నేను చెప్పే పాఠాల్లో లేదు. ఉన్నదల్లా వెతికాను. పాత ఫోల్డరు పోయింది, దాని చోట కొత్తది కూర్చుంది, పాటల పేర్లు కూడా నేనే మార్చి ఉన్నాను, తేదీలన్నీ ఆ పదిరోజులవే. అన్నీ అంత శుభ్రంగా సర్దింది నేనే. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి అంతా విని, “ఒక్క మాట అడిగుంటే ఏం పోతాండె మ్మే” అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఒక్క మాట ఇప్పటికీ నాకు వినిపిస్తూనే ఉంటుంది.

బనగానపల్లెకు ఫోను చేసి బావను అడిగాను, అక్క సీడీ ఏమైనా ఉందేమోనని. ఉందన్నారు. బస్సులో పంపారు, నాయనే బస్టాండుకు వెళ్ళి తెచ్చుకున్నారు. డబ్బా మీద అక్క చేతి రాత, ‘నాయన’ అని. మేం చూస్తుండగానే అది తిరగడం మొదలుపెట్టింది. అందులో ఉన్నవి అక్క పాటలు కావు, అక్కవి చెరిపి నాయన నింపి పంపిన పాటలు. అక్క కూడా ఆ ఇంటి పిల్లే కదా, ఇచ్చినవారి పేరే రాసుకుంది. తన చేత్తో ఇచ్చినవే తన చేతికి తిరిగొచ్చినందుకు నాయన ఆ రోజు ఏడ్చారు. అక్క పోయిన రోజున కూడా ఆయన మా ముందు ఏడవలేదు.

ఆ తర్వాత ఇద్దరం కూర్చుని గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టాం. బట్టలుతికే బండ దగ్గర అక్క కూనిరాగం తీసే వానపాట ఒకటి. ఫోనులో, విన్నావా నాయనా అని అడిగి మరీ గుర్తుచేసినది ఒకటి. పెళ్ళిచూపుల్లో పాడమంటే సగంలో మరచిపోయి నవ్వేసినది ఒకటి. ఇలా ఆరు తేలాయి. ఆ ఆరింటికీ నేను పెట్టిన గాయకుల పేర్లు నా చేత్తోనే తుడిచి, పెద్దపాప, బనగానపల్లె, మామిడి గంపలో అని నాయన చెబుతుంటే కొట్టాను. రెండు జడలు వేసుకుని కనకాంబరాలు పెట్టుకున్న అక్క ఫోటోను మళ్ళీ స్టూడియోకు తీసుకెళ్ళి, బొమ్మగా అంటించాను. మిగతా అయిదూ తేలలేదు.

నాయన వాటిని వదల్లేదు. మధ్యాహ్నం బేరాలు లేని వేళ మొదటి పాట నుంచి వరసగా వినడం మొదలుపెట్టారు, నేను కోరుకున్నట్టే ఆయన మళ్ళీ పాటలు విన్నారు, ఇలా కోరుకోలేదు. అప్పుడప్పుడు కర్నూలుకు ఫోను వచ్చేది. “ఇదేమో అనిపిస్తాండాది మ్మే” అని పాటను ఫోను దగ్గర పెట్టి వినిపించేవారు. నేను ఔననాలని ఆయన ఆశ. అబద్ధమైనా చెప్పి ఉండవచ్చునే అని ఇప్పుడు అనిపిస్తుంది, కానీ అప్పటికే ఒకసారి నాకు తెలుసుననుకుని చేసిన పనికి ఇది ఫలితం, మళ్ళీ నోరు రాలేదు. తెలియదు నాయనా అనేదాన్ని. వారం తిరిగేసరికి ఆయనే, కాదులే, అది భాయి ఇచ్చింది అనేవారు. మొత్తం ఒకసారి విని, రెండోసారి మొదటి నుంచి మొదలుపెట్టారు. రెండు వేల తొమ్మిదిలో, ఆ రెండోసారి పూర్తికాకుండానే నాయన పోయారు.

ఇప్పుడు రాయచోటిలో మా అంగడి లేదు. పేర్లు కొట్టే మిషను నా దగ్గరే ఉంది, దాంతో పేరు కొట్టించుకునేవాళ్ళే లేరు. పెళ్ళిళ్ళకు గిన్నెలు ఎవరూ ఇవ్వడం లేదు, ఇచ్చినా పేరు ఉంటే బాగుండదంటారు. పాటలు ఇచ్చేవాళ్ళు అంతకంటే లేరు. అడిగిన పాట అడిగిన క్షణాన ఫోనులోకి వస్తుంది, రాసినవారు, పాడినవారు, వాయించినవారు, అందరి పేర్లూ ఉంటాయి, ఎవరి చేతి మీదుగా వచ్చిందో మాత్రం ఉండదు, ఎందుకంటే ఎవరి చేతి మీదుగానూ రాలేదు. మా అమ్మాయి ఎప్పుడైనా ఒక పాట పంపితే, అది తాను పంపిందని ఎక్కడైనా రాసిపెట్టుకుందామని చూస్తాను. దానికి గడి లేదు. నేను గృహప్రవేశం చేసినప్పుడు అక్క ఇచ్చిన తపేలా ఒకటి వంటింట్లో ఉంది, ఇరవై అయిదేళ్ళుగా బూడిదతోనూ పీచుతోనూ తోముతున్నాం, నాయన కొట్టిన చుక్క ఒక్కటీ అరగలేదు. నేను రాయచోటిలో పదిరోజులు కూర్చుని తోమినంత గట్టిగా దాన్నెవరూ తోమలేదు.

ఫోనులోకి ఎక్కించుకున్న నాయన పాటలు వినేటప్పుడు ఆయన లాగే నేనూ, ఇదేమో అనుకుంటాను. అనుకుని, ఫోను చేయడానికి ఎవరూ లేక, తర్వాతి పాటకు పోతాను. మొన్న నేను ‘వద్దు’ నొక్కాక ఫోను మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. ఆ ఆరింటినీ అలాగే తప్పుగా వదిలేస్తున్నానంది. మిగతా పాటలన్నిటి వివరాలూ సరిగ్గా ఉన్నాయని చెప్పింది.